2024–25 వార్షిక నివేదిక: కార్యదర్శి మాట

గౌరవ సభ్యులకు నమస్కారం.

పక్షులను చూడటానికి, లెక్కపెట్టడానికి పెట్టుకున్న సంఘం మనది, ఆ సంగతి మీకు మళ్లీ చెప్పక్కర్లేదు, నేరుగా పనుల్లోకి వస్తాను. ఆదివారం నడకలు ఒకటి రెండు నెలలు తప్ప ఆగలేదు. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ, భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోటు, అన్నీ తిరిగాం. నవంబరు 12న సలీం అలీ జయంతికి పిల్లలకు పక్షుల బొమ్మల పోటీ పెట్టాం. జనవరిలో ఆసియా నీటిపక్షుల లెక్కింపుకు కొండకర్ల ఆవ సరస్సులో దోనెల మీద తిరిగాం. నీటి ఆకుల మీద నడిచే నెమలితోక జకానాకు చలికాలంలో ఆ పొడుగు తోక ఉండదు కాబట్టి కొత్తవాళ్లు దాన్ని పోల్చుకోవడానికి చాలాసేపు తికమక పడ్డారు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది మాత్రం డిసెంబరు 15న కాకినాడ దగ్గర సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్‌కు చేసిన ప్రయాణం. అనుమతి కాగితం కోసం నాలుగుసార్లు తిరిగాను. ఒకసారి సంతకం పెట్టాల్సిన అధికారి సెలవు, ఇంకోసారి మీటింగ్, మరోసారి ఫైలే కనపడలేదు. చివరికి శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూసే వేళకు చేతికొచ్చింది. ఆ వారం పడిన టెన్షన్ ఇంతా అంతా కాదు. తీరా చూస్తే, పేర్లిచ్చిన 18 మందిలో శనివారం అర్ధరాత్రి మద్దిలపాలెంలో వ్యాన్ ఎక్కింది 11 మంది. రానివాళ్లలో కొందరు ఫోన్ కూడా ఎత్తలేదు. వ్యాన్, పడవ ఖర్చు అందరికీ పంచి మనిషికింత అనుకున్నాం, రానివాళ్ల వాటా లోటుగా మిగిలింది. మనసు నొచ్చుకునే ఇది రాస్తున్నాను.

ఆ తేదీ కావాలనే ఎంచుకున్నాం. అది మార్గశిర పౌర్ణమి, పోటు బాగా ఎక్కే రోజు. పాటు వేళ, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడు, బురదమేటల నిండా చెదిరి మేసే పక్షులన్నీ, నీరు ఎక్కేకొద్దీ మిగిలిన కాస్త ఇసుక మీదకు చేరతాయి. లెక్కపెట్టడానికి అదే అదను. "మీరు తొందరపడి దగ్గరకెళ్లకండి బాబూ, నీరెక్కితే అవే వస్తాయి" అన్నాడు పడవ నడిపిన పెద్దాయన. అలాగే వచ్చాయి.

గోదావరి తెచ్చిన ఇసుక, ఒండ్రుతో గత 200 ఏళ్లలో పేరుకున్న దిబ్బ హోప్ ఐలాండ్. కాకినాడ రేవుకు అలల నుంచి అడ్డు నిలిచేది అదే. దాని అంచున కర్లూ అనే ఒక పెద్ద తీరపక్షి ఒంపు తిరిగిన ముక్కును బురదలోకి కళ్లదాకా దించి, ఎండ్రకాయను లాగి, విదిలించి విదిలించి కాళ్లు ఊడగొట్టి మింగింది. తర్వాత కనపడ్డాయి ఇండియన్ స్కిమ్మర్లు. నారింజరంగు ముక్కులు, నల్లటి టోపీలు, అన్నీ గాలికి ఎదురుగా బారులు తీరి. వాటి కింది ముక్కు పైదానికంటే పొడుగు, ఎగురుతూ దాంతోనే నీళ్లను కోసుకుంటూ పోయి చేపను పడతాయి. 2020లో ఈ పక్షిని ప్రపంచవ్యాప్తంగా అంతరించే ప్రమాదమున్న వాటిలో చేర్చారు. మూడుసార్లు లెక్కపెడితే మూడు లెక్కలొచ్చాయి, తక్కువదే రాసుకున్నాం. మనం అరువు తెచ్చుకున్న స్కోప్‌లోంచి, అంటే స్టాండు మీద నిలిపే దుర్భిణిలోంచి, మొదటిసారి వాటిని చూసిన తొమ్మిదో తరగతి అమ్మాయి ఎంతసేపటికీ పక్కకు జరగలేదు. వెనక నిలబడ్డ ఎవరూ జరగమని అడగలేదు.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. చందా బకాయిలు ఉన్నవి ఉన్నాయి, ప్రయాణం లోటు ఇద్దరు సభ్యులు పూడ్చారు.

ఆ ఇద్దరికీ, మాకు వేడివేడి ఉప్మా పెట్టిన పడవవాళ్ల ఇంటి ఆడవాళ్లకు, రాత్రంతా వ్యాన్ నడిపిన డ్రైవరుకు, స్కోప్ అరువిచ్చిన మాస్టారికి, నడకలకు ఒక్క ఆదివారం కూడా తప్పని ఆ ఐదుగురికి సంఘం తరఫున పేరుపేరునా కృతజ్ఞతలు. నాలుగోసారి వెళ్లినప్పుడు ఫైలు వెతికిపెట్టిన గుమాస్తా గారికి ప్రత్యేకంగా.

వచ్చే జనవరి లెక్కింపుకు పేర్ల రిజిస్టరు గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది. రాసేవాళ్లు బైనాక్యులర్స్ ఉన్నాయో లేదో కూడా రాయండి. ఈసారి పడవ ఖర్చు ముందే కట్టాలి.

ఇట్లు,
కార్యదర్శి