హోం చూడటానికి సాయంత్రం వెళ్లండి

సంపాదకులకు నమస్కారం.

డిమెన్షియా (మతిమరుపు ముదిరే జబ్బు) ఉన్న పెద్దవాళ్లను ఉంచి చూసుకునే హోం వెతికేవాళ్లు చాలామంది ఉదయం పూట వెళ్లి, తళతళలాడే నేలనూ మేనేజరు మర్యాదనూ చూసి సంతకం పెట్టేస్తారు. ఆ వేళ ఎక్కడైనా బాగానే ఉంటుంది. పొద్దు వాలాక వెళ్లాలి. ఈ జబ్బులో చాలామందికి కంగారు, అనుమానం, ‘ఇంటికి పోతా’నన్న పట్టు పెరిగేది అప్పుడే. అలాంటి మనిషి తలుపు గుంజుతుంటే ఆయా ఏం చేస్తోంది? చెయ్యి పట్టుకుని నాలుగడుగులు నడిపిస్తోందా, కుర్చీకి కట్టేస్తోందా?

మందుల సంగతి మొహమాటం లేకుండా అడగండి. డిమెన్షియా ఉన్న వృద్ధులకు యాంటీసైకోటిక్ మందులతో (తీవ్రమైన మానసిక జబ్బులకు వాడేవి) మరణం ముప్పు పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. అయినా గోల చేయకుండా పడుకోబెట్టడానికి అవే తేలిక దారి.

రాత్రిపూట ఎంతమందికి ఒక మనిషి ఉంటారో, మంచాన పడితే ఉంచుకుంటారో పంపేస్తారో కూడా తేల్చుకోవాలి, వీలైతే కాగితం మీద. చెప్పకుండా రావద్దనే చోటంటే నాకైతే అనుమానమే.

మీ పత్రిక హోంల గురించి రాసినప్పుడు గదుల ఫొటోలతో పాటు రాత్రి సిబ్బంది లెక్క కూడా వేయాలని మనవి.

– ఒక పాఠకురాలు