సింహం నోటి దాకా నీళ్లు

లండన్,
ఆగస్టు 20

నాన్నగారికి నమస్కారాలు.

మేమంతా క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పికి కొత్త మందు పనిచేస్తోందా? భద్రాచలం దగ్గర నీరు పెరుగుతోందని తమ్ముడు ఫోనులో చెప్పినప్పటి నుంచి నా మనసంతా అక్కడే ఉంది.

ఇక్కడికి వచ్చి ఆరేళ్లయినా ఈ ఊరిని పద్ధతిగా చూసింది లేదు. అత్తయ్యగారు వచ్చారు కదా, మొన్న శనివారం ఆవిడతో కలిసి గైడు వెంట నడిచాం. పరీక్షలు రాసి అర్హత సంపాదించిన గైడ్లు ఇక్కడ నీలి బ్యాడ్జి పెట్టుకుంటారు. మా గైడు అరవై దాటిన పెద్దావిడ. పార్లమెంటు, పెద్ద గడియారం, వెస్ట్‌మినిస్టర్ అబ్బే అన్నీ చూపించారు. అవి మీరు క్యాలెండర్లలో చూసినవే.

తర్వాత థేమ్స్ గట్టు మీద అందరినీ ఆపి, గోడ మీంచి కిందికి వంగి చూడమన్నారు. నదివైపు రాతిగోడకు వరుసగా కంచు సింహాల తలలు! ఒక్కో సింహం నోట్లో పడవలు కట్టేందుకు పెద్ద కడియం. జూలుకు పచ్చటి చిలుము పట్టింది, కింద రాయి మీద తడి గీత. ‘సింహాలు నీళ్లు తాగితే లండన్ మునుగుతుంది’ అని ఇక్కడ సామెతట. సముద్రం దూరాన ఉన్నా పోటు ఊళ్లోకి వస్తుంది. లండన్ బ్రిడ్జి దగ్గర పోటుకూ పాటుకూ నీటిమట్టంలో ఏడు మీటర్ల వరకు తేడా ఉంటుంది.

ఆ మాట వినగానే నాకు మీ గొంతు వినిపించింది నాన్నగారూ. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మీరు బొబ్బర్లంక లాకుల దగ్గర పనిచేసిన రోజుల్లో మాకు ఎక్కాలకంటే ముందు వచ్చిన అంకెలు అవే కదా.

ఆ గట్టు కట్టించిన ఇంజినీరు జోసెఫ్ బజల్‌గెట్. 1858 వేసవిలో ఊరి మురుగంతా నదిలో కలిసి, ఆ కంపుకు పార్లమెంటులో కూర్చోలేకపోయారట. ఆయన భూమి కింద పెద్ద కాలువలు కట్టించి మురుగును ఊరి తూర్పుకు దాటించాడు. 1870లో పూర్తయిన ఈ గట్టు కడుపులోనే ఒక మురుగుకాలువ, దాని పక్కనే భూగర్భ రైలు. మేము నిలబడ్డ చోటు ఒకప్పుడు నదేనట! గోడకు ఆయన విగ్రహం, దాని మీద లాటిన్‌లో ‘నదికి సంకెళ్లు వేశాడు’ అన్న మాట. అది మాత్రం నాకు నచ్చలేదు. ఇంచుమించు ఆ కాలంలోనే, 1852లో మన ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొరను మనవాళ్లు స్నాన సంకల్పంలో భగీరథుడని తలుచుకుంటారు. ఆ పోలికలోని ప్రేమ ఈ సంకెళ్లలో ఎక్కడుంది?

మధ్యాహ్నం బ్రిటిష్ మ్యూజియం. ప్రవేశం ఉచితం. రోసెట్టా రాయి, ఈజిప్టు మమ్మీలు చూసేసరికి టూరు సమయం అయిపోయింది. అత్తయ్యగారిని నేనే అమరావతి శిల్పాల గదికి తీసుకెళ్లాను. 1880లో ఆ మ్యూజియానికి చేరిన పల్నాటి సున్నపురాళ్లు అద్దాల వెనక ఉన్నాయి. ఖాళీ సింహాసనం, దాని ముందు బుద్ధుడి పాదాలు, చుట్టూ చేతులు జోడించిన జనం. “మన రాళ్లమ్మా ఇవి” అంటూ అత్తయ్యగారు అద్దానికి అరచెయ్యి ఆనించి నిలబడిపోయారు. కాపలా మనిషి చూసి కూడా ఏమీ అనలేదు. వివరంగా చెప్పేవారు లేక ఆ గదిలో జనమే లేరు. నాకు చాలా బాధేసింది.

సంక్రాంతికి వస్తాం. పిల్లల్ని ఆనకట్ట మీదికి, గన్నవరం అక్విడక్టుకు మీరే తీసుకెళ్లాలి. నది మీద నుంచి కాలువ ఎలా దాటుతుందో మీ నోటితోనే వినాలి వాళ్లు.

’86 వరదకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో మీరు లాకుల గోడ మీద గీత గీశారు. అది ఇంకా ఉందా? ఉంటే పక్కన మీరు నిలబడి, తమ్ముడితో ఒక ఫొటో తీయించి పంపండి.

మీ అమ్మాయి