రేకు అంచు నున్నగా రావాలంటే

చిట్టితల్లీ,

నువ్వు బొంత మీద కుడుతున్న పువ్వు ఫోటో పెద్దది చేసి మరీ చూశాను. రంగులు చక్కగా కుదిరాయి. రేకుల అంచులే నిన్ను ఏడిపిస్తున్నాయని అర్థమైంది. గుండ్రంగా తిరగాల్సిన చోట చిన్న చిన్న మూలలు లేచాయి, ఆకు మొన దగ్గర పోగులు బయటికొచ్చాయి. "నా వల్ల కాదమ్మా, ఈ బొంత పక్కన పెట్టేస్తా" అన్నావు. అప్పుడే పెట్టెయ్యకు. సూది మొనతో అంచును లోపలికి తోస్తూ కుట్టడం అప్లిక్‌లో, అంటే ఆకారాలుగా కత్తిరించిన బట్ట ముక్కల్ని ఇంకో బట్ట మీద కుట్టే పనిలో, బాగా చెయ్యి తిరిగినవాళ్లకే కుదురుతుంది. నువ్వు మొదటి బొంతకే దాన్ని ఎత్తుకున్నావు.

ఆ పద్ధతిలో మడవడం, కుట్టడం రెండూ ఒకేసారి జరగాలి. ఈ రెండిటినీ విడదీశావంటే సగం టెన్షన్ పోతుంది. ముందు అంచులన్నీ మడిచి, ఇస్త్రీ చేసి, ముక్కను పూర్తిగా తయారు చేసుకో. కుట్టడానికి కూర్చున్నప్పుడు ఇక కుట్టు మీదే ధ్యాస ఉంటుంది.

దీనికి నాకు బాగా నచ్చింది ఫ్రీజర్ పేపర్, గంజి. ఆ కాగితానికి ఒకవైపు మెరిసే ప్లాస్టిక్ పూత ఉంటుంది. ఆవిరి లేకుండా వేడి ఇస్త్రీ పెడితే ఆ వైపు బట్టకు అంటుకుంటుంది, లాగితే మరక లేకుండా ఊడొస్తుంది. రెండు పొరలు ఒకదానిమీద ఒకటి అంటిస్తే అట్టలా గట్టిగా ఉంటుంది. రేకు ఆకారం దానిమీద గీసి కత్తిరించి, మెరిసే వైపు కింద పెట్టి బట్ట వెనకవైపు అంటించు. వెనక నుంచి చేస్తున్నాం కాబట్టి బొమ్మ అద్దంలో కనిపించినట్టు తిరగేసి గీయాలి. చుట్టూ పావు అంగుళం వదిలి బట్ట కత్తిరించు. ఆ పావు అంగుళానికి మాత్రం చిన్న కుంచెతో గంజి రాసి, ఇస్త్రీపెట్టె మొనతో కాగితం అంచు మీదికి కొంచెం కొంచెంగా మడుచుకుంటూ పో. ఆరాక కాగితం తీసేసినా మడత అలాగే నిలుస్తుంది.

నీ మూలల సంగతికి వస్తాను. బయటికి ఉబ్బిన వంపుకి కూడా నువ్వు కత్తెర గాట్లు పెట్టినట్టున్నావు. ఒక్కో గాటు దగ్గర బట్ట విరిగి ఒక్కో మూల అవుతుంది. బయటి వంపుకి గాటు అక్కర్లేదు. సన్న సన్న కుచ్చుల్లా సర్దుతూ మడిస్తే నున్నగా తిరుగుతుంది. లోపలికి వంగిన చోట మాత్రం, హృదయాకారంలో మధ్య పల్లం లాంటి చోట, గాటు పెట్టి తీరాలి. కాగితానికి రెండు మూడు పోగుల దూరంలో కత్తెర ఆపెయ్యి.

పువ్వు మధ్యలో గుండ్రానికి ఇంకా తేలికైన దారి ఉంది. అట్టతో గుండ్రం కత్తిరించి, దాని చుట్టూ పావు అంగుళం ఎక్కువ ఉండేలా బట్ట కత్తిరించు. బట్ట అంచు చుట్టూ సాదా కుట్టు వేసి, మధ్యలో అట్ట పెట్టి దారం లాగితే సంచి మూతిలా ముడుచుకుంటుంది. గంజి రాసి ఇస్త్రీ చేసి, ఆరాక దారం వదులు చేసి అట్ట తీసెయ్యి. కాడలకైతే క్రాస్‌గా కత్తిరించిన పట్టీలే వాడు. నిలువుగా కత్తిరించిన పట్టీ వంగదు, ముడతలు పడుతుంది.

అసలు మడతే లేని పద్ధతీ ఉంది. ఫ్యూజింగ్ జిగురు కాగితం మీద ఆకారం తిరగేసి గీసి, బట్ట వెనక ఇస్త్రీతో అంటించి, గీత మీదే కత్తిరించి, కాగితం ఒలిచి కింది బట్ట మీద అంటించెయ్యడమే. గబగబా అయిపోతుంది. కానీ అంచు చుట్టూ బ్లాంకెట్ కుట్టో జిగ్‌జాగో వెయ్యకుండా వదలొద్దు. నీ చిన్నప్పటి దుప్పటికి నేను ఏనుగు బొమ్మ అలా అంటించి ఊరుకున్నాను. నాలుగు ఉతుకులకే అంచులు లేచి పోగులు ఊడిపోయాయి. నువ్వు ఆ ఏనుగు బొమ్మను పట్టుకుని ఏడ్చావు, నాకింకా గుర్తుంది. ఇంకొకటి, ఆకారం పెద్దదైతే జిగురు వల్ల బట్ట బిరుసెక్కుతుంది. అంచు వెంబడి పావు అంగుళం జిగురు ఉంచి, మధ్యలోది అంటించే ముందే కత్తిరించి తీసెయ్యి. జిగురు కాగితం పలచటిదే కొను. కుట్టక్కర్లేదని అమ్మే మందపాటిది సూదికి బంకలా పట్టుకుంటుంది.

ఎప్పుడూ ఉతికే పిల్లల దుప్పటికి జిగురు, మెషిన్ కుట్టు చాలు. నీ పువ్వుకి మాత్రం గంజి పద్ధతే అందం. చేత్తో మడుస్తూ కుట్టడం తర్వాత నేర్చుకో, ఎక్కడికీ పోదు.

కుట్టేటప్పుడు దారం పైన కుట్టే ముక్క రంగులో ఉండాలి, కింది బట్ట రంగులో కాదు. మూరెడు చాలు, పొడుగైతే చిక్కుపడుతుంది. పది, పదకొండు నంబరు సన్న సూది తీసుకో. సూది మడత అంచులో ఒకటి రెండు పోగులు పట్టుకుని పైకి రావాలి, ఆ పక్కనే కింది బట్టలోకి నేరుగా దిగాలి. కుట్టుకీ కుట్టుకీ రెండు మిల్లీమీటర్లు చాలు. మొన దగ్గర, పల్లం దగ్గర ఇంకా దగ్గరగా వెయ్యి, పోగులు లేచేది అక్కడే. గుండుసూదులకు దారం తగులుకుంటుంటే ఉతికితే పోయే జిగురు ఒక్క చుక్క పెట్టి ముక్క నిలుపుకో.

ఈ ఆదివారం ఒక్క రేకు చెయ్యి చాలు. ఫోటో మాత్రం వెనకవైపుది పంపు, కుట్లు ఎలా పడ్డాయో నేను చూడాలి.

ప్రేమతో,
అమ్మ