హిస్టరీ తుడిస్తే పని అయిపోయినట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

పదిమంది వాడే కంప్యూటర్ దగ్గర పని కాగానే హిస్టరీ క్లియర్ చేసుకుంటే చాలని పత్రికల సాంకేతిక పేజీల్లో తరచూ చిట్కా వస్తుంటుంది. నేను ఒక గ్రంథాలయంలో కంప్యూటర్ల గది చూసుకుంటాను. ఆ చిట్కా పాటించి నిశ్చింతగా లేచి వెళ్లినవాళ్లు ఏమేం వదిలేసి వెళ్తారో రోజూ కళ్లారా చూస్తున్నాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

హిస్టరీ అంటే చూసిన పేజీల చిట్టా, అంతే. మన మెయిల్‌ను తెరిచి ఉంచేది ఆ చిట్టా కాదు, కుకీ, అంటే సైటు మన బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తు. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ సంస్థ ఇంజినీరు లూ మోంటూలీ రూపొందించిన ఏర్పాటు ఇది. ఇందాక పాస్‌వర్డ్ కొట్టిన మనిషే మళ్లీ వచ్చాడని సైటుకు ఆనవాలు ఇస్తుంది. చిట్టా చెరిపి కుకీని ఉంచేస్తే, తర్వాత కూర్చున్నవాళ్లు మెయిల్ సైటు తెరవగానే ముందువాళ్ల ఇన్‌బాక్స్ ఎదురవుతుంది. అందుకే ముందు లాగౌట్, ఆ తర్వాతే తుడుపు.

ఆ తుడుపులోనూ ఒక మెలిక ఉంది. కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కితే క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ బ్రౌజర్లు మూడింటిలోనూ తుడిచే పెట్టె తెరుచుకుంటుంది. పైన ఎంత కాలానిది తుడవాలో అడిగే గడి ఉంటుంది. తరచూ అది 'లాస్ట్ అవర్' మీదే ఉంటుంది. పొద్దున వచ్చి మధ్యాహ్నం లేచేవాళ్లు అది చూడకుండా బటన్ నొక్కేస్తారు. చివరి గంట పోతుంది, పొద్దుటిదంతా పదిలంగా ఉంటుంది! సేవ్ చేసిన పాస్‌వర్డులను విడిగా చూసి తుడవాలి. 'సేవ్ చేయమంటారా' అని బ్రౌజర్ అడిగినప్పుడు ఆ పెట్టె అడ్డం తొలగితే చాలని 'సేవ్' నొక్కేవాళ్లే ఎక్కువ.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది డౌన్‌లోడ్స్ ఫోల్డర్. క్రోమ్‌లో డౌన్‌లోడ్ హిస్టరీకి టిక్ పెట్టి తుడిస్తే పోయేది జాబితా ఒక్కటే, ఫైళ్లు కదలవు. సాయంత్రం గది మూసేముందు ఆ ఫోల్డర్ తెరిస్తే బ్యాంకు స్టేట్‌మెంట్లు, మార్కుల మెమోలు, డాక్టరు రిపోర్టులు, సంతకంతో సహా స్కాన్ చేసిన దరఖాస్తులు వరసగా కనిపిస్తాయి. కొన్నిటికి ఫైలు పేరే మనిషి పేరు. ఎవరివో చదవకుండా డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తాను. ప్రింట్ తీసుకున్న కాగితాన్ని జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకునే మనిషికి, దాని అసలు ఫైలు ఇక్కడే ఉండిపోయిందన్న ధ్యాస ఎందుకు రాదో నాకు అర్థం కాదు.

దీనికి ఎదురు చిక్కు ఇంకొకటి. కొందరు మెయిల్‌లోకే కాక బ్రౌజర్‌లోకే తమ ఖాతాతో సైన్ ఇన్ అయి సింక్ ఆన్ చేస్తారు, అంటే ఫోన్‌లోనూ ఇక్కడా పాస్‌వర్డులు, హిస్టరీ ఒకేలా ఉండేలా ఖాతాతో కలుపుతారు. వెళ్లేముందు భయంకొద్దీ అన్నిటికీ టిక్ పెట్టి తుడుస్తారు. ఒక విద్యార్థిని మర్నాడు వచ్చి, ఫోన్‌లో దాచుకున్న పాస్‌వర్డులన్నీ పోయాయని లబోదిబోమంది. సింక్ ఆన్‌లో ఉన్నప్పుడు ఇక్కడ తుడిచింది ఖాతాలోనూ పోతుంది. ముందు బ్రౌజర్ నుంచి సైన్ అవుట్ అయ్యాకే ఈ యంత్రంలోది తుడవాలి.

చూసిన పేజీల చిట్టా దాచుకోని ఇన్‌కాగ్నిటో కిటికీ సంగతి క్లుప్తంగా చెబుతాను. దాని కిటికీలన్నీ మూస్తేనే కుకీలు పోతాయి. ఒక్కటి తెరిచి ఉన్నా పోవు. డౌన్‌లోడ్ చేసిన ఫైలు అందులోనూ మిగులుతుంది. సైట్లకు, నెట్ ఇచ్చే సంస్థకు అది అడ్డుగోడ కాదు. ఇదే విషయమై 2020లో అమెరికాలో గూగుల్ మీద దావా పడింది. వెబ్‌సైట్లు, గూగుల్‌తో సహా వాటికి సేవలందించేవాళ్లు డేటా సేకరించే తీరు దీనివల్ల మారదని 2024లో ఇన్‌కాగ్నిటో తొలి పేజీలోనే రాయాల్సి వచ్చింది.

కాబట్టి నా విన్నపం ఒకటే. ఈసారి ఆ చిట్కా వేసేటప్పుడు లాగౌట్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్, కాలం గడిలో 'ఆల్ టైమ్' అన్న మూడూ హిస్టరీ కన్నా ముందు వేయండి. వీలైతే క్రోమ్‌లోని గెస్ట్ మోడ్ గురించి కూడా రాయండి. ఆ కిటికీ మూయగానే హిస్టరీ, కుకీలు వాటంతటవే పోతాయి. ఇక చేత్తో తుడవాల్సింది డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లే.

ఇట్లు,
గ్రంథాలయ కంప్యూటర్ విభాగం ఉద్యోగిని