మంచం పక్కన ఉన్నవాళ్లను కూడా చూడండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మాది చెన్నైలోని పెరంబూరు. మా అత్తగారికి పక్షవాతం వచ్చి నాలుగేళ్లవుతోంది. కుడి వైపు పూర్తిగా పడిపోయింది, మాట కూడా పోయింది. అంతకు ముందు నేను దగ్గర్లోని ఒక బడిలో టీచరుగా చేసేదాన్ని. కొన్నాళ్లు సెలవు మీద సెలవు పెట్టి, ఇక కుదరదని మానేశాను. ఆవిడ నన్ను కన్నకూతురిలా చూసుకున్న మనిషి, చెయ్యడానికి నాకేం కష్టం లేదు. నా బాధంతా, ఇళ్లలో ఈ పని చేస్తున్నవాళ్లు ఎవరి లెక్కలోనూ లేకపోవడం గురించే.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన రోజు మందుల చీటీ, బిల్లు చేతిలో పెట్టారు. ముక్కులో గొట్టం ఉంది. అందులోకి ఎంత పోయాలో, పడుకోబెట్టి పోస్తే ఎంత ప్రమాదమో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. నేను ఆవిణ్ని కదల్చలేక అవస్థ పడుతుంటే వార్డులో పనిచేసే ఆయమ్మ ఒకావిడ చూసింది. దుప్పటిని మడిచి అత్తగారి నడుము కింద పరిచి, "మనిషిని లాగొద్దమ్మా, దుప్పటి లాగు" అని అరవంలో చెప్పి చేసి చూపించింది. అప్పటి నుంచీ అలాగే రెండు గంటలకోసారి పక్క తిప్పుతున్నాను. రాత్రి పన్నెండుకు, రెండుకు, నాలుగుకు ఫోన్‌లో అలారం. వీపు మీద ఒక్క పుండు లేదు. ఆ ఆయమ్మ ఆ రోజు డ్యూటీలో లేకపోతే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

మావారు పట్టించుకోరని కాదు. ఆదివారం స్నానం ఆయనే చేయిస్తారు. కానీ మందులు, డైపర్లు అన్నీ ఆయన జీతం మీదే నడవాలి. ఏజెన్సీ ద్వారా పగటి పూటకు మనిషిని పెట్టుకుందామంటే నెలకు ఇరవై వేల పైనే అడిగారు. నెల్లూరులో మా తమ్ముడి కూతురి పెళ్లికి తాళి కట్టే వేళకు వెళ్లి, భోజనానికి కూడా ఆగకుండా తిరుగు రైలెక్కాను.

2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. పెద్దవాళ్లను దిక్కులేకుండా వదిలేస్తే మూడు నెలల జైలు గానీ, 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ ఉంటాయని అందులో ఉంది. ఉండాల్సిందే. వదిలేసేవాళ్ల గురించి అంత ఆలోచించిన చట్టం, వదలకుండా చూసుకుంటున్నవాళ్ల గురించి ఏమీ చెప్పలేదు. అందులో పిల్లలంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలి మాటే లేదు. చాలా ఇళ్లలో రాత్రి లేచేది ఎవరో అందరికీ తెలుసు. 2024 జాతీయ సమయ వినియోగ సర్వేలో కూడా, ఇంట్లోవాళ్ల సంరక్షణ చూసే ఆడవాళ్లు దానికి రోజుకు 140 నిమిషాలు, మగవాళ్లు 74 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. పిల్లల పెంపకమూ ఇందులోనే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సంరక్షకుల భృతి అనే మాట ఉంది. కేరళలో ఆశ్వాసకిరణం పథకం కింద మంచాన పడ్డవాళ్లను చూసుకునేవారికి నెలకు 600 రూపాయలు ఇస్తున్నారు. ఆ డబ్బుతో ఏమొస్తుందని అడగవచ్చు. కనీసం ఆ ఇంట్లో ఇంకొక మనిషి ఉందని ప్రభుత్వం గుర్తించింది కదా!

మన తమిళనాడులో 2021 ఆగస్టులో మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' (ప్రజలను వెతుక్కుంటూ వచ్చే వైద్యం) మంచి పథకం, ఇది మనస్ఫూర్తిగా చెబుతున్నాను. మా ఇంటికే వచ్చి అత్తగారి బీపీ చూస్తారు, కాలూ చెయ్యీ ఎలా ఆడించాలో నేర్పుతారు. పోయిన నెల వచ్చిన సిస్టర్ నా మొహం చూసి, "మీరెప్పుడు చూపించుకున్నారు?" అని అడిగింది. గుర్తు లేదన్నాను. అక్కడికక్కడే పట్టీ కట్టి చూస్తే నా బీపీ 170 ఉంది. ఆవిడకు తోచి అడిగింది కాబట్టి తెలిసింది. రోగిని చూడటానికి ఇంటికి వచ్చినప్పుడు రోగిని చూసుకునే మనిషిని కూడా చూడాలని రాసి పెట్టడానికి కొత్తగా ఖర్చేమీ అవ్వదు. అలాగే ఏ ఆసుపత్రయినా ఇంటికి పంపే ముందు ఒక గంట కేటాయించి గొట్టం ఎలా వాడాలో, పక్క ఎలా తిప్పాలో ఇంటివాళ్ల చేత చేయించి చూడాలి.

అన్నిటికంటే ముఖ్యంగా మాకు కావాల్సింది కాస్త తెరిపి. వారానికి ఒక పూట శిక్షణ ఉన్న మనిషిని ఇంటికి పంపితే బ్యాంకు పనో, డాక్టరు దగ్గరికో, లేదా నిద్రో, మేము చూసుకుంటాం. గిండీలో 2024లో తెరిచిన జాతీయ వృద్ధుల వైద్య కేంద్రంలో 200 పడకలున్నాయి. వాటిలో కొన్నిటిని ఇలాంటి కుటుంబాల కోసం పక్కన పెట్టి, ఏడాదికి పది రోజులు పెద్దవాళ్లను అక్కడ ఉంచుకునే వీలు కల్పించాలని ఆరోగ్య శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. పెరంబూరు నుంచి గిండీకి అంబులెన్సు ఖర్చు మేమే పెట్టుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై