ఆ రెండు తేదీలను కలపండి: ఆరోగ్య మంత్రులకు బహిరంగ లేఖ

అభివృద్ధి చెందుతున్న దేశాల ఆరోగ్య మంత్రులకు నమస్కారం.

హెచ్ఐవీ మందులు వాడుతూ ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి మూడు నుంచి ఆరు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గర్భం రాకుండా వేసే డీఎంపీఏ ఇంజెక్షన్ గడువూ మూడు నెలలే. రెండూ ఒకే రోజు పడేలా చూడటానికి కొత్త భవనమేమీ కట్టనక్కర్లేదు. అయినా చాలాచోట్ల మాత్రలకు ఒక రోజు, ఒక గది, ఒక రిజిస్టరు. ఇంజెక్షన్‌కు మరో రోజు, మరో గది, మరో రిజిస్టరు. బిడ్డను చంకనేసుకుని, రెండు రోజుల కూలి పోగొట్టుకోలేని తల్లి ఏదో ఒకటి వదిలేస్తుంది. రికార్డులో మాత్రం తప్పంతా ఆమెదే అన్నట్టు ‘రాలేదు’ అని ఉంటుంది.

ఈ గోడ ఎందుకు లేచిందో మీకు తెలియనిది కాదు. హెచ్ఐవీకి డబ్బు ఒక దాత నుంచి, కుటుంబ నియంత్రణకు మరో దాత నుంచి వచ్చింది. ఎవరి పద్దు వారిది, ఎవరి నివేదిక వారిది.

గర్భనిరోధకాల వల్ల హెచ్ఐవీ ముప్పు పెరుగుతుందా అని చూసి 2019లో వెలువడిన ఎకో అధ్యయనాన్ని మరోసారి చదవమని కోరుతున్నాను. ఎస్వాతినీ, కెన్యా, దక్షిణాఫ్రికా, జాంబియాలలో 7,829 మంది మహిళలు అందులో పాల్గొన్నారు. ఇంజెక్షన్, చేతి చర్మం కింద అమర్చే ఇంప్లాంట్, కాపర్ టీ వాడినవారి మధ్య హెచ్ఐవీ ముప్పులో చెప్పుకోదగ్గ తేడా లేదని తేలగానే అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అసలు ఉలిక్కిపడాల్సింది అందులోని మరో ఫలితానికి. వారిలో ఏడాదికి నూటికి దాదాపు నలుగురికి హెచ్ఐవీ సోకింది. కండోమ్‌లు ఇచ్చారు, సలహాలు చెప్పారు, పరీక్షలూ చేశారు. అయినా సోకింది. కుటుంబ నియంత్రణ గదికి వచ్చే మహిళకు హెచ్ఐవీ నివారణ మందు కూడా అక్కడే అందాలనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇప్పుడు ఆ మందూ వచ్చింది. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో లెనాకపవిర్ అనే ఆ ఇంజెక్షన్ తీసుకున్న రెండు వేల మందికి పైగా యువతుల్లో ఒక్కరికీ హెచ్ఐవీ సోకలేదని 2024లో వెల్లడైంది. అది 26 వారాలకోసారి వేసేది, డీఎంపీఏ 13 వారాలకోసారి. లెక్క అతికినట్టు సరిపోతుంది.

రిజిస్టర్లు వేరైతే పోయేది సమయం ఒక్కటే కాదు. ఎఫావిరెంజ్ అనే హెచ్ఐవీ మందు వాడే మహిళకు ఇంప్లాంట్ అమర్చితే దాని హార్మోన్ మోతాదు రక్తంలో తగ్గి, గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. ఆమె ఏ మాత్రలు వేసుకుంటోందో పక్క గదిలోని నర్సుకు ఎవరు చెబుతారు?

అయితే కలపడమంటే ఒత్తిడి చేయడం కాదు. పురిటి నొప్పుల్లో ఉన్న హెచ్ఐవీ బాధిత మహిళల చేత సంతకాలు పెట్టించుకుని గర్భనిరోధక శస్త్రచికిత్సలు చేసిన కేసులో, అది సమ్మతే కాదని 2014లో నమీబియా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2018లో డోలుటెగ్రవిర్ అనే హెచ్ఐవీ మందు వల్ల శిశువులకు ముప్పు ఉండవచ్చనగానే కొన్ని దేశాలు పిల్లలు కనే వయసు మహిళలకు ఆ మందే ఆపేశాయి. సమాచారం మాకివ్వండి, నిర్ణయం మేం తీసుకుంటామని ఆ ఏడాది కిగాలీలో సమావేశమైన ఆఫ్రికా మహిళలు నిలదీశారు. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందును అందరికీ సిఫార్సు చేసింది. కాబట్టి దయచేసి సిబ్బందికి శస్త్రచికిత్సల లక్ష్యాలు పెట్టకండి. పిల్లలు కావాలనుకునే హెచ్ఐవీ బాధితురాలికీ కుటుంబ నియంత్రణ గదిలో సాయం దొరకాలి.

ఇక డబ్బు. 2025 జనవరిలో అమెరికా సాయం ఆగింది. బెల్జియం గోదాములోని దాదాపు 97 లక్షల డాలర్ల గర్భనిరోధకాలను ధ్వంసం చేస్తామని అమెరికా ప్రభుత్వం అదే ఏడాది ప్రకటించింది. అవి చాలావరకు ఆఫ్రికా మహిళలకు చేరాల్సినవి. పరాయి గోదామును నమ్ముకుంటే జరిగేది ఇదే. బడ్జెట్‌లో 15 శాతం ఆరోగ్యానికి ఇస్తామని ఆఫ్రికా దేశాలు 2001లో అబూజాలో మాటిచ్చాయి. చాలా దేశాలు ఆ దరిదాపులకైనా చేరలేదు.

వచ్చే బడ్జెట్‌లో గర్భనిరోధకాలకు, హెచ్ఐవీ నివారణకు సొంత డబ్బుతో ఒక పద్దు తెరవండి. రెండు గదులకూ ఒకే రిజిస్టరు పెట్టమని ఉత్తర్వు ఇవ్వండి. ఆ ఉత్తర్వుకు దాతల అనుమతి అక్కర్లేదు, మీ సంతకం చాలు.

ఇట్లు,
ఒక పౌరురాలు