పాత హోమ్ కంప్యూటర్ల అభిమానుల సంఘం, తిరుపతి: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయినసారి నివేదిక మరీ పొడుగైందనీ, జమాఖర్చుల దగ్గరికి వచ్చేసరికి సగం మంది బస్సుకు లేచిపోయారనీ చిత్తూరు సభ్యులు అన్నారు. అందుకని ఈసారి డబ్బుల సంగతి ముందే చెప్పేస్తాను. చందాలే మన రాబడి. ఖర్చుల్లో పెద్దది గది కరెంటు బిల్లు, తర్వాత సోల్డరింగ్ సామాను, ఆ తర్వాత ఉడకబెట్టిన చెనిక్కాయలు. అప్పు లేదు. మిగులు కూడా చెప్పుకునేంత లేదు. కోశాధికారి సంతకం పెట్టిన లెక్కల కాగితం గది తలుపు వెనక అంటించి ఉంది. అనుమానాలుంటే సమావేశంలోనే అడగండి, తర్వాత టీ అంగడి దగ్గర కాదు.

ఎప్పటిలాగే ప్రతి నెలా రెండో ఆదివారం మిద్దె మీది గదిలో కలిశాం. అక్టోబరులో బ్రహ్మోత్సవాల రద్దీ వల్ల ఒకటి మానుకున్నాం. మే నెలలో గది పెనంలా కాలిపోతుంది కాబట్టి పొద్దు గూకినాక పెట్టుకున్నాం. మనుషులు ఓర్చుకున్నా స్పెక్ట్రమ్, అంటే సింక్లెయిర్ వాళ్ల 1982 నాటి హోమ్ కంప్యూటరు, ఓర్చుకోదు. దానిలో కరెంటును 5 వోల్టులకు దించే 7805 రెగ్యులేటర్ మామూలు రోజుల్లోనే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది.

ముందుగా మన ఖాతాలోని నష్టం. ఆగస్టు సమావేశంలో ఒక కొత్త సభ్యుడు ఇంట్లో ఉన్న 9 వోల్టుల అడాప్టరు తెచ్చి జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌కు తగిలించాడు. పిన్ను సరిగ్గా పట్టింది, వోల్టేజీ సరిపోయింది. సరిపోనిది ధ్రువం. ఈ కాలపు అడాప్టర్లలో చాలావాటికి మధ్యలో ప్లస్ ఉంటుంది, స్పెక్ట్రమ్‌కు మధ్యలో మైనస్ ఉండాలి. ఒక్క క్షణమే, కానీ అది చాలింది. మైనస్ 5 వోల్టుల సరఫరా పోయింది. ఆ సరఫరా లేకుండా 12 వోల్టులు మాత్రం అందితే 4116 మెమరీ చిప్పులు బతకవు. మెమరీలో కింది 16 కేబీకి అలాంటివి ఎనిమిది ఉంటాయి. మూడు పోయాయి. తప్పు ఆ అబ్బాయిది కాదు, అడాప్టర్ల మీద చీటీ అంటించని మాది. ఇప్పుడు గదిలో ప్రతి అడాప్టరు మీదా ఏ యంత్రానిదో, మధ్యలో ఏముందో ఎర్ర ఇంకుతో రాసి ఉంది. చీటీ లేని అడాప్టరు గదిలోకి రాకూడదు. దీనికి మినహాయింపు లేదు, నాతో సహా.

చిప్పుల కోసం ఇద్దరు సభ్యులు పొద్దున రైల్లో మద్రాసు పోయి ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్ అంతా తిరిగారు. అడిగిన చోటల్లా నవ్వారట. చివరికి ఒక చిన్న అంగడిలో డబ్బా అడుగున దొరికాయి. తెచ్చినవాటిలో సగం పనిచేయలేదు, మిగతా సగంతో పని జరిగింది. ఈ సందర్భంగా చాలామందికి తెలియని సంగతి ఒకటి. 48 కేబీ స్పెక్ట్రమ్‌లో పైన ఉండే 32 కేబీకి సింక్లెయిర్ వాళ్లు వాడినవి సగం చెడిపోయిన 64 కిలోబిట్ చిప్పులే. తయారీలో ఒక సగం పనిచేయని చిప్పులను చవగ్గా కొని, మంచి సగాన్ని మాత్రమే వాడుకున్నారు. మన ఇళ్లలో పుచ్చు వంకాయను కోసి, బాగున్న ముక్క కూరలో వేసినట్టు. 1982లో ఆ యంత్రం అంత తక్కువ ధరకు రావడానికి ఇలాంటి పొదుపులూ ఒక కారణం.

బీబీసీ మైక్రో సంగతి కొంచెం నవ్వులాటగా జరిగింది. దాన్ని మనకిచ్చింది లెక్కల సారు. ఇప్పుడు రిటైరయ్యారు. 1984–85లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ పేరుతో బడుల్లో కంప్యూటరు చదువు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న యంత్రం ఇదే. ఏకార్న్ తయారీ, 6502 ప్రాసెసర్, 32 కేబీ మెమరీ. తర్వాత సెమికండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ వీటిని మన దేశంలోనే తయారుచేసింది. సారు పనిచేసిన బడిలో కంప్యూటరు గదికి తాళం, తాళానికి రిజిస్టరు, గుమ్మం దగ్గర చెప్పులు విడవాలన్న బోర్డు ఉండేవట. పిల్లలు గుడికి పోయినట్టు పోయేవాళ్లు, వారానికి ఒక్క పీరియడ్, ఒక్కో యంత్రం చుట్టూ ఏడెనిమిది మంది. మీట నొక్కే అదృష్టం ముందు వరుసకే. మన గదిలోనూ చెప్పులు బయటే విడుస్తాం కానీ అది కీబోర్డులో ఇసుక పడుతుందని.

ఆ యంత్రం మూత తీస్తే లోపల బల్లి గుడ్లు. శుభ్రం చేసి, తుడిచి, స్విచ్ వేశాం. రెండు టోన్ల బీప్, తెర మీద అక్షరాలు, సారు ముఖం వెలిగింది. పది నిమిషాలకు వెనక నుంచి తెల్లటి పొగ. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ మెట్ల మీదకు వచ్చి, "ఏం సార్, పైన సాంబ్రాణి ఏస్తా ఉండారా? సాంబ్రాణి ఇంత కంపు కొడతాదా?" అని అడిగింది. పవర్ సప్లయిలో కరెంటు లోపలికి వచ్చే చోట ఉండే పాత కాగితం కెపాసిటర్ అది. పై పెచ్చు పగిలి, తేమ పీల్చుకుని, 230 వోల్టులు తగిలితే కాసేపటికి పేలుతుంది. యంత్రానికి పెద్ద హాని జరగలేదు. కొత్తది వేశాక నడుస్తోంది. ఇకపై ఏ యంత్రమైనా సరే, ఏళ్ల తరబడి అటక మీద ఉన్నదైతే పవర్ సప్లయి విప్పి చూడకుండా ప్లగ్గులో పెట్టవద్దు. కమడోర్ 64 అనే ఆ కాలపు ఇంకో హోమ్ కంప్యూటరు ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నా. దాని ఇటుక లాంటి అడాప్టరు చెడిపోతే ఆగిపోదు, 5 వోల్టుల చోట అంతకంటే ఎక్కువ పంపి చిప్పుల్ని చంపుతుంది. అలాగే టీవీల వెనక మూత ఎవరూ ఒంటరిగా విప్పకూడదు. స్విచ్ తీసినా పిక్చర్ ట్యూబులో ప్రాణం తీసేంత చార్జి నిలిచి ఉండవచ్చు.

టీవీలంటే గుర్తొచ్చింది. పాత సామాన్ల అంగడి నుంచి ఒక 14 అంగుళాల కలర్ టీవీ కొన్నాం. స్పెక్ట్రమ్ తన బొమ్మను యూహెచ్‌ఎఫ్ 36వ ఛానెల్‌లో పంపుతుంది. ఆ టీవీ దాన్ని పట్టుకుంది కానీ బొమ్మ నిండా చీమలే. చివరికి బొమ్మను టీవీ ఛానెల్‌గా మార్చే మాడ్యులేటర్‌ను పక్కకు తప్పించి, లోపలి కాంపోజిట్ సిగ్నల్‌ను నేరుగా బయటికి తెచ్చాం. పావుగంట పని. ఇంట్లో కొత్త టీవీ మాత్రమే ఉన్నవాళ్లకూ ఇదే దారి.

చీటీల క్యాసెట్

ఈ సంవత్సరం ఒకే ఒక్క సంగతి చెప్పమంటే నేను ఇదే చెబుతాను.

మన పీలేరు సభ్యురాలు ఒకరు జనవరిలో ఒక క్యాసెట్ తెచ్చారు. ఈ యంత్రాల ప్రోగ్రాములు దాచుకునేది పాటల క్యాసెట్లలోనే. వాళ్ల నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆయన దగ్గర డెసిబెల్స్ వాళ్ల స్పెక్ట్రమ్ ప్లస్ ఉండేది. 1986లో లైసెన్సు తీసుకుని మన దేశంలో అమ్మిన రకం అది. యంత్రం ఎప్పుడో పాత సామాన్లలో పోయింది, క్యాసెట్ మాత్రం బీరువాలో పట్టుచీరల కింద మిగిలింది. పైన నీలం ఇంకుతో 'చీటీలు' అని రాసి ఉంది. రెండో వైపు సుప్రభాతం.

సంఘం యంత్రంలో జె మీట, అంటే 'లోడ్', నొక్కి, కొటేషన్లు పెట్టి, టేపు తిప్పాం. అంచుల్లో ఎరుపు, లేత నీలం పట్టీలు వచ్చాయి, తర్వాత పసుపు, నీలం. చివర్లో 'టేప్ లోడింగ్ ఎర్రర్'. మళ్లీ అదే. వాల్యూం పెంచాం, తగ్గించాం, టేపును చదివే హెడ్డును స్పిరిట్‌తో తుడిచాం, సాగిపోయిన రబ్బరు బెల్టు మార్చాం. ఏడోసారో ఎనిమిదోసారో, హెడ్డు పక్కనుండే చిన్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతూ పోతే బొంగురుగా ఉన్న శబ్దం ఒక్కసారి పదునైంది. రికార్డు చేసిన డెక్కులో హెడ్డు ఏ వాలులో ఉందో మన డెక్కులోనూ అదే వాలులో ఉండాలి, అంతే కిటుకు. ఈసారి పట్టీలు ఆఖరిదాకా వెళ్లాయి. తెర కింద 'ఓకే' వచ్చింది.

అక్కడే ఒక కుర్రాడు ఉత్సాహంతో ఆర్ మీట మీద వేలు పెట్టాడు, అంటే 'రన్'. లెక్కల సారు ఆ చెయ్యి పట్టుకుని లాగేశారు. స్పెక్ట్రమ్ ప్రోగ్రాముల భాష బేసిక్‌లో ప్రోగ్రామును సేవ్ చేస్తే దాంతోపాటు అప్పటి వేరియబుల్స్ విలువలు, అంటే అందులో నింపిన పేర్లూ అంకెలూ కూడా టేపు మీదికి వెళతాయి. 'రన్' అంటే ఆ విలువలన్నీ చెరిగిపోయి మొదట్నుంచీ మొదలవుతుంది. 'గో టు 10', అంటే 10వ నంబరు లైను నుంచి నడవమని, కొడితే చెరగవు. అలాగే కొట్టాం.

తెర మీద పేర్లు వచ్చాయి. ఇరవై నెలల చీటీ. ఏ నెల ఎవరు పాడుకున్నారు, ఎంతకు పాడారు, మిగతావాళ్లకు ఎంత తగ్గింది, అన్నీ. పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లోనే, కానీ పిలుపులు మనవి. ఒక వరుసలో ఇంటిపేరు లేదు, 'మిల్లు ఆయన' అని ఉంది. ఇంకో వరుస చివర బాకీ చుక్క. ఆ బాకీ మనిషి ఎవరో ఆమెకు తెలుసు, ఇప్పటికీ వాళ్ల వీధిలోనే ఉంటాడట. "అడగమంటారా?" అంది. అందరం నవ్వాం. ఆమె మాత్రం చాలాసేపు 'నాలుగో నెల' అన్న వరుస చూస్తూ కూర్చుంది. అందులో ఉన్నది వాళ్లమ్మ పేరు.

ఇందులో మన తప్పు ఒకటుంది, దాచను. ఆ టేపును ముందు ల్యాప్‌టాప్‌లోకి శబ్దంగా రికార్డు చేసుకుని, ఆ తర్వాతే లోడు చేయడం మొదలుపెట్టాలి. అన్ని పాత క్యాసెట్లు మన ఏడెనిమిది ప్రయత్నాలకు ఓర్చుకోవు, మధ్యలో తెగిపోయేవీ ఉంటాయి. ఆ రోజు నుంచి ముందు కాపీ, తర్వాతే లోడు.

పిల్లలూ తెలుగు అక్షరాలూ

సంక్రాంతి సెలవుల తర్వాత ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల పిల్లలు వచ్చారు. ఒక తొమ్మిదో తరగతి పాప గంటసేపు కూర్చుని గుణకారం ఎక్కాలు అడిగే ప్రోగ్రాము టైపు చేసింది. ఇంకో నాలుగు లైన్లుంటే పూర్తయ్యేది. కరెంటు పోయింది. వచ్చేసరికి తెర మీద 1982 కాపీరైట్ లైను తప్ప ఏమీ లేదు. మాకు టెన్షన్ పట్టుకుంది, ఏడుస్తుందేమోనని. ఆ పాప నోటు పుస్తకం తీసింది. ప్రతి లైనూ అందులో రాసుకుంది. ఈసారి ఇరవై నిమిషాల్లో కొట్టేసి, మేము చెప్పకముందే "దీన్ని క్యాసెట్‌లో ఎట్లా దాచాలి సార్?" అని అడిగింది. గది ఇన్వర్టరు సంగతి వచ్చే కమిటీ చూసుకోవాలని కోరుతున్నాను.

స్పెక్ట్రమ్‌లో మనకిష్టమైన ఆకారాలు గీసుకోవడానికి 21 గడులు ఇస్తారు, ఒక్కోటి 8 చుక్కలు ఇంటూ 8 చుక్కలు. మన యూనివర్సిటీ విద్యార్థి ఒకరు తెలుగు రాయాలని పంతం పట్టాడు. తెలుగు అక్షరం ఒక్క గడిలో ఇమడదు. తలకట్టు పెడితే కడుపు కలిసిపోతుంది, అందుకని అక్షరానికి నాలుగు గడులు లెక్క వేసుకున్నాడు. 'తిరుపతి'కి తి రెండుసార్లు వస్తుంది కాబట్టి మూడే ఆకారాలు, 12 గడులు. సులువుగా వచ్చింది. వెంటనే శ్రీకాళహస్తి సభ్యులు మా ఊరో అన్నారు. శ్రీ, కా, ళ, హ, స్తి: ఐదు నాలుగులు 20. ఇంకా ఒక గడి మిగిలింది. దాన్ని శ్రీ కింద రావత్తు తోకకు పెట్టేశాడు. 21కి 21. ఆ తర్వాత గడుల చిరునామా ఉంచే 23675, 23676 మెమరీ స్థానాలను మారుస్తూ 21 గడుల కట్టలు ఎన్నైనా తిప్పుకోవచ్చని కనిపెట్టి, ఇప్పుడు గుణింతాల మీద పడ్డాడు. ఒక కట్టకు 168 బైట్లే. మార్చి సమావేశంలో క్ష్మి రాసి చూపించమని అడిగాం. ఇంకా చూపించలేదు.

చేరడం గురించి

యంత్రం లేకపోతే చేర్చుకోరా అని తరచూ అడుగుతున్నారు. చేర్చుకుంటాం. ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్, అంటే పాత యంత్రంలా నడిచే ప్రోగ్రాము, చాలు, అది కూడా లేకపోతే గదిలోవి ఉన్నాయి. సోల్డరింగ్ రాకపోయినా ఫరవాలేదు. నిజానికి మనకు కొరత చేతిపని వచ్చినవాళ్లది కాదు, పొద్దున్నే వచ్చి తాళం తీసి, ఊడ్చి, వైర్లు చుట్టి పెట్టేవాళ్లది. ఈ మూడేళ్లుగా ఆ పని ముగ్గురమే చేస్తున్నాం.

మేము ఒద్దనేది ఒక్కదాన్నే. కొందరు సంఘం యంత్రాన్ని ఇంటికి తీసుకెళ్లి, గుడ్డ కప్పి, ముట్టుకోనివ్వరు. ఎవరైనా అడిగితే పాడవుతుందంటారు. ముట్టుకోకపోతేనే పాడవుతుంది. కెపాసిటర్లు ఎండుతాయి, సాకెట్లు తుప్పు పడతాయి, కీబోర్డు పొర పెళుసెక్కుతుంది, చీమలు పుట్ట పెడతాయి. కమిటీ ప్రతిపాదన ఇదీ: సంఘం యంత్రం ఎవరి దగ్గరున్నా ఆరు నెలలకోసారి గదికి తెచ్చి అందరి ముందూ ఆన్ చేయాలి. తేకపోతే అది అడిగిన తర్వాతి సభ్యుడికి పోతుంది. దీని మీద వాదన జరుగుతుందని తెలుసు. జరగనివ్వండి.

రిజిస్ట్రేషన్ విషయం కూడా తేల్చాలి. 2001 నాటి మన రాష్ట్ర సొసైటీల చట్టం కింద ఏడుగురుంటే చాలు. ఏడుగురున్నాం. సంతకాలు పెట్టడానికి ఏడుగురు ఒకే ఆదివారం దొరకడమే కష్టంగా ఉంది. కార్యదర్శి పదవికి ఈసారి నేను నిలబడటం లేదు. బతిమాలొద్దు.

సర్వసభ్య సమావేశం వచ్చే రెండో ఆదివారం ఉదయం పది గంటలకు. మీ దగ్గరున్న సంఘం యంత్రాన్ని అడాప్టరుతో సహా తీసుకురండి, అడాప్టరు మీద చీటీతో సహా. రిజిస్టరులో ఏడో వరుసలో ఉన్న కమడోర్ ఎవరింట్లో ఉందో నాకు తెలుసు. పేరు రాయడం లేదు. ఆదివారం దాకా చూస్తాను.

కార్యదర్శి